ముందు ట్రైలర్‌ని కాటా వేయించండి

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నుంచి ఒక సోదరి రాశారు. పేరు వద్దన్నారు. సొంతూరు తణుకు దగ్గర. పెళ్లయి ఆ దేశం వెళ్లి పదకొండేళ్లు. భర్త ఐటీ ఉద్యోగి, ఇద్దరు పిల్లలు. దోసె పిండి, పొడులు చేసి తెలిసినవాళ్లకు ఇవ్వడంతో మొదలుపెట్టి, కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించుకుని, ఇప్పుడు శని ఆదివారాల్లో దోసెల స్టాల్ నడుపుతున్నారు. రెండేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఫుడ్ ట్రైలర్ కొన్నారు. ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలకు లెస్టర్, మిల్టన్ కీన్స్, బర్మింగ్‌హామ్, ఎప్పుడైనా లండన్, మాంచెస్టర్. ఏడాదిలో 22 వారాంతాలు, ఖర్చులు పోను వారాంతానికి 250 పౌండ్ల దాకా మిగులుతోంది.

ఆ ట్రైలర్‌ని లాగుతున్నది 2012 నాటి డీజిల్ కారు. బర్మింగ్‌హామ్ నడిబొడ్డుకి వెళ్తే రోజుకు 8 పౌండ్లు, లండన్‌లో అడుగుపెడితే 12.50 పౌండ్లు కాలుష్య రుసుము. రిపేర్లు కూడా పెరిగాయి. ఈసారి ఎలక్ట్రిక్ కారే కొందామని భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. ఇంటి ముందు డ్రైవ్‌వే ఉంది, ఛార్జర్ పెట్టించుకోవచ్చు. అయితే 14,000 పౌండ్లు దాటకూడదన్న భర్త, భార్యకు చెప్పకుండా ఎంజీ5 అనే ఎలక్ట్రిక్ ఎస్టేట్‌కు, అంటే వెనక పొడవాటి డిక్కీ ఉండే కారుకు, ఆన్‌లైన్‌లో 500 పౌండ్లు కట్టి రిజర్వ్ చేశారు. "టోబార్ పెట్టించుకోవచ్చని షోరూమ్ వాళ్లు చెప్పారు" అన్నారు. టోబార్ అంటే కారు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం. ఆ కారు ట్రైలర్‌ని లాగలేదేమోనని ఆమె అంటే, "నీ దోసెల బండిని చూసి ఇంటికి కారు కొనాలా?" అన్నారు. నాలుగు రోజులుగా మాటల్లేవు.

ఉత్తరం చివర ఆమె ఇంకో మాట రాశారు. కిందటి అక్టోబర్‌లో మాంచెస్టర్ నుంచి తిరిగి వస్తుంటే ఎం6 మోటార్‌వే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగింది. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు. ఏమీ కాలేదు గానీ, ఆ రోజు నుంచి ఆయన ట్రైలర్ జోలికి రావడం లేదు. ఆమే తగిలించుకుని వెళ్తున్నారు. "మా బడ్జెట్‌లో ట్రైలర్ లాగే ఎలక్ట్రిక్ కారు ఉందా? లేక ఈ పని నేనే మానుకోవాలా?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరంలో ఏడు కార్ల పేర్లు ఉన్నాయి. మీ ట్రైలర్ నిండా సామాను ఎక్కించాక ఎంత బరువుంటుందో మాత్రం ఎక్కడా లేదు. మీ వైపు ధాన్యం లారీని కాటా ఎక్కించకుండా ఎవరైనా ధర మాట్లాడతారా? ఇక్కడా అంతే. ట్రైలర్ బరువు తెలిశాకే కారు సంగతి.

ఖాళీ ట్రైలర్ 620 కిలోలని అమ్మినాయన చెప్పాడన్నారు. ప్లేటు మీద 1000 కిలోలని ఉందన్నారు. ఆ వెయ్యి, సామానుతో కలిపి ట్రైలర్ దాటకూడని బరువు. మీరు రాసిన సామాను జాబితా పట్టుకుని నేను లెక్క కట్టి చూశాను. పెనంతో సహా స్టవ్ 45 కిలోలు. 13 కిలోల ప్రొపేన్ సిలిండర్ అంటే లోపలి గ్యాస్ 13 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు రెట్టింపు, అలాంటివి రెండు కాబట్టి 54. 25 లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు, 75. పిండి 40. సాంబారు, చట్నీలు, ఆలూ కూర గిన్నెలతో 40. ఫ్రిజ్ 35, జనరేటర్ 40, టెంటు బల్లలు 30. మొత్తం 359. ఖాళీ బరువుతో కలిపితే 979. మిక్సీ, గరిటెలు, పేపర్ ప్లేట్ల పెట్టెలు ఇందులో లేవు. అంటే ప్లేటు మీది హద్దుకు మీరు ఆనుకునే తిరుగుతున్నారు. ఒక్కోసారి దాటి కూడా ఉంటారు.

ఇప్పుడు ఆయన రిజర్వ్ చేసిన కారు చూద్దాం. ఎంజీ5 లాగగలిగేది 500 కిలోలు. మంచి కారే, డిక్కీ పెద్దది, ధర తక్కువ. కానీ మీ ఖాళీ ట్రైలరే 620. పిండి, నీళ్లు అన్నీ దింపేసినా ఆ కారుకి దాన్ని తగిలించకూడదు. షోరూమ్ వాళ్లు అబద్ధం చెప్పారని నేను అనను, టోబార్ పెట్టించుకోవచ్చన్నది నిజమే. ఎంత బరువు లాగాలో మీ ఆయన చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

ఏ కారు చూసినా రెండు చోట్ల వెతకండి. కారు రిజిస్ట్రేషన్ కాగితమైన లాగ్‌బుక్‌లో, అదే వీ5సీలో, ఓ.1 అన్న గడిలో బ్రేకులున్న ట్రైలర్‌ని ఎంతవరకు లాగవచ్చో, ఓ.2 గడిలో బ్రేకులు లేనిది ఎంతవరకు లాగవచ్చో ఉంటుంది. మీ ట్రైలర్ 750 కిలోలకు మించిన తరగతి కాబట్టి దానికి బ్రేకులు ఉండి తీరాలి, మీరు చూడాల్సింది ఓ.1. రెండోది కారు బాడీ మీద ఉండే వీఐఎన్ ప్లేటు, అంటే కారు గుర్తింపు నంబరు రాసి ఉండే ప్లేటు. అందులో ట్రెయిన్ వెయిట్, అంటే కారూ ట్రైలరూ కలిపి ఎంత ఉండవచ్చన్న అంకె ఉంటుంది. ఆ అంకె లేకపోతే ఆ కారుతో ఏదీ లాగకూడదు. ఎలక్ట్రిక్ కార్లలో ఇది చాలామందిని దెబ్బతీస్తుంది. మీ జాబితాలో నిస్సాన్ లీఫ్, రెనో జోయి ఉన్నాయి. చవగ్గా దొరుకుతున్నాయని రాశారు. ఆ రెండింటికీ ట్రైలర్ లాగే అనుమతే లేదు, కొట్టేయండి. ఎంజీ4 కూడా 500 కిలోలే.

ఒకే పేరున్న కారులోనూ బ్యాటరీని బట్టి ఇది మారుతుంది. హ్యుందాయ్ అయానిక్ 5లో చిన్న బ్యాటరీ, అంటే 58 కిలోవాట్ అవర్లది అయితే 750 కిలోలే. పెద్ద బ్యాటరీది 1600 కిలోలు లాగుతుంది. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, ధరలో తేడా చూసి చిన్నది కొనేస్తే మీకు పనికిరాదు. కియా ఈవీ6 పెద్ద బ్యాటరీది కూడా 1600. పోల్‌స్టార్ 2 అయితే 1500. స్కోడా ఎన్యాక్, ఫోక్స్‌వ్యాగన్ ఐడి.4 వెనక చక్రాలకు మోటారున్నవి వెయ్యి కిలోల దగ్గర ఆగుతాయి. కాగితం మీద చూస్తే మీ 979కి అవీ సరిపోతాయి, కానీ పండగపూట ఇంకో నీళ్ల క్యాన్ ఎక్కించరని నేను నమ్మను. మీరైనా హామీ ఇవ్వగలరా?

నా మనసు అయానిక్ 5 లేదా ఈవీ6 వైపు ఉంది. దానికి కారణం మీ స్టాలే. ఈ రెండింటిలోనూ కారు బ్యాటరీ నుంచి బయటికి కరెంటు తీసుకునే వీలుంది, వీ2ఎల్ అంటారు. అడాప్టర్ తగిలిస్తే 3.6 కిలోవాట్ల దాకా ఇస్తుంది. మీ స్టవ్ గ్యాస్ మీద నడుస్తోంది కాబట్టి కరెంటు కావాల్సింది ఫ్రిజ్‌కి, మిక్సీకి, లైట్లకి. అవి ఎనిమిది గంటలు నడిచినా నాలుగైదు యూనిట్లు దాటవు. జనరేటర్ ఇంట్లో వదిలేయవచ్చు. 40 కిలోల బరువు తగ్గుతుంది, పెట్రోలు వాసన పోతుంది, పక్క స్టాల్ వాళ్లకు ఆ మోత తప్పుతుంది. రిజర్వ్ చేసిన ఎంజీ5లోనూ కొన్నింటికి ఈ సౌకర్యం ఉంది, అది కాదనను. కానీ ట్రైలర్‌నే తీసుకెళ్లలేనప్పుడు దానితో ఏం చేస్తారు?

ఇక దూరం. కంపెనీ చెప్పే మైళ్లను మర్చిపోండి. కారు ఎక్కువ తినేది బరువు వల్ల అనుకుంటాం, నిజానికి గాలి వల్ల. మీ ట్రైలర్ నిలువుగా ఉన్న పెట్టె, 55, 60 మైళ్ల వేగంలో అది గాలిని తోసుకుంటూ వెళ్లాలి. పెద్ద బ్యాటరీ కారు మామూలుగా 240 మైళ్లు వెళ్తుందనుకుంటే, ట్రైలర్‌తో 120 అనుకుని బయల్దేరండి. చలికాలం ఇంకా తక్కువ. లెస్టర్ వెళ్లి రావడానికి 50 మైళ్లు, మిల్టన్ కీన్స్‌కి 100 లోపు, ఈ రెండిటికీ దారిలో ఎక్కడా ఆగక్కర్లేదు. లండన్, మాంచెస్టర్ మాత్రం ఒక్క వైపే వంద మైళ్ల దగ్గర. తిరిగి రావాలంటే కచ్చితంగా ఛార్జ్ చేయాలి, అక్కడే ఇబ్బంది. మోటార్‌వే సర్వీసుల్లో, అంటే దారిలో బండ్లు ఆపుకునే చోట్లలో, ఛార్జింగ్ స్థలాలు ఎక్కువ భాగం ఒక్క కారు పట్టేలాగే ఉంటాయి. ట్రైలర్‌ని విప్పి, తాళం వేసి, పక్కన పెట్టి, కారు ఒక్కదాన్ని తీసుకెళ్లాలి. రాత్రి పదింటికి, వానలో, నిద్రపోతున్న పిల్లలతో ఈ పని ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా స్టాల్ నడిచే సమయంలో కారు అక్కడే ఉండి కరెంటు ఇస్తుంటే, దాన్ని ఛార్జింగ్‌కి తీసుకెళ్లలేరు. ఆ దూరపు ఊళ్లు ఏడాదికి నాలుగైదు సార్లే అన్నారు. ముందు రోజు వెళ్లి తెలిసినవాళ్లింట్లో ఉండి రాత్రంతా ఛార్జ్ పెట్టుకునే వీలున్న చోట్లకే ఒప్పుకోండి. మిగతావి వదులుకున్నా మీ ఆదాయంలో పెద్ద తేడా రాదు.

డబ్బు సంగతికి వస్తాను. 2022 నాటి అయానిక్ 5, ఈవీ6 పెద్ద బ్యాటరీవి తిరిగిన మైళ్లను బట్టి 18 నుంచి 20 వేల పౌండ్ల మధ్య చూడాల్సి ఉంటుంది. టోబార్, దాని వైరింగ్, బిగింపు కలిపి ఇంకో వెయ్యి అటూ ఇటూ. మీ ఆయన చెప్పిన 14,000 కంటే ఇది ఆరు వేలు ఎక్కువ. స్టాల్ మీద మీరు దాచింది 4,000 ఉందన్నారు. మిగిలిన రెండు వేలు మీ 22 వారాంతాల ఆదాయంలో సగం కూడా కాదు. ఆయన హద్దు దాటే ఆరు వేలను స్టాలే భరిస్తుందని కాగితం మీద రాసి చూపించండి. "ఇంటి డబ్బు నీ బండికి" అన్న మాటకు అప్పుడు చోటుండదు. పోల్‌స్టార్ 2 ఇంకాస్త తక్కువకు వస్తుంది. కానీ అందులో బయటికి కరెంటు తీసుకునే వీ2ఎల్ సౌకర్యం ఉండదు, వెనక సీటు ఇరుకు. పిల్లలు ఎదుగుతున్నారు కదా.

నడిపే ఖర్చులో లాభం పెద్దదే. డీజిల్‌కి మైలుకు 14 పెన్నీల దాకా అవుతుంటే, రాత్రి చవక రేటు మీద ఇంట్లో ఛార్జ్ చేసుకుంటే రెండు మూడు పెన్నీలు. రోడ్డు మీది వేగవంతమైన ఛార్జర్లలో మాత్రం యూనిట్ 75, 80 పెన్నీలు, అక్కడ చేస్తే ఈ లాభం కరిగిపోతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లకూ రోడ్డు పన్ను వచ్చింది. 2028 ఏప్రిల్ నుంచి మైలుకు 3 పెన్నీలు వసూలు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆయన లెక్కల మనిషి కాబట్టి ఇవన్నీ మీరే ముందు చెప్పండి. దాచారనిపిస్తే మిగతా లెక్కనీ నమ్మరు.

అయానిక్ 5, ఈవీ6ల్లో ఛార్జింగ్ కంట్రోల్ యూనిట్ విషయంలో 2024లో రీకాల్ వచ్చింది, అంటే కంపెనీయే కార్లను వెనక్కి పిలిచి సరిచేసింది. కొనేముందు ఆ కారుకి ఆ పని జరిగిందో లేదో కాగితం అడగండి. కియాకి ఏడేళ్ల వారంటీ ఉంటుంది. 2022 కారుకి ఇంకా కొంతకాలం మిగిలే ఉంటుంది కాబట్టి రెండూ ఒకే ధరకు దొరికితే నేనైతే ఈవీ6 తీసుకుంటాను.

ఇదొక్కటే దారి అని అనను. ఎంజీ5నే ఉంచుకుని, ట్రైలర్ అమ్మేసి, టెంటు కింద రెండు బల్లలు, రెండు స్టవ్‌లతో స్టాల్ పెట్టుకోవచ్చు. మీలా మొదలుపెట్టినవాళ్లు చాలామంది అలాగే నడుపుతున్నారు. అప్పు ఉండదు, ఇంట్లో గొడవ ఉండదు. కానీ వాన పడితే ఆ రోజు పోయినట్టే. ప్రతిసారీ దింపడం, పేర్చడం, మళ్లీ ఎక్కించడం మీ నడుం మీద పడుతుంది, ఆర్డర్లూ తగ్గుతాయి. ఆ బాధ మీది కాబట్టి ఆ నిర్ణయం మీ నోటి నుంచే రావాలి. ఆయన కట్టిన 500 మిమ్మల్ని అటు తోసేయకూడదు.

మూడో దారి ఎలక్ట్రిక్ ఆలోచన రెండేళ్లు వాయిదా వేయడం. ఎనిమిది తొమ్మిది వేలలో 1400, 1500 కిలోలు లాగే పెట్రోలు ఎస్టేట్ దొరుకుతుంది. పెట్రోలు కారు యూరో 4 అనే కాలుష్య ప్రమాణం స్థాయిది అయితే చాలు, బర్మింగ్‌హామ్, లండన్ రుసుములు రెండూ తప్పుతాయి. ఛార్జింగ్ టెన్షన్ లేదు, మాంచెస్టర్ కూడా వదులుకోనక్కర్లేదు. పెట్రోలు ఖర్చు మాత్రం ఉంటుంది, కొన్నాళ్లకు మళ్లీ ఇదే చర్చ. ఎలక్ట్రిక్ అంటే మీ ఇద్దరికీ ఇష్టమని తెలిసి కూడా చెబుతున్నాను, ఇది తప్పు దారి కాదు. చిన్న కారు కొని ప్రతి వారం లాగే బండి అద్దెకు తెచ్చుకోవడం గురించి అడిగారు. దాని గురించి ఆలోచించకండి. అద్దె కంపెనీలు చాలావరకు ట్రైలర్ తగిలించనివ్వవు, ఇచ్చినా మీ లాభం అద్దెకే సరిపోతుంది.

ఇప్పుడు ఆ ఎం6 సంగతి. మీరు ఉత్తరం చివర రెండు వాక్యాల్లో రాసి వదిలేశారు గానీ, నాకు మొత్తం గొడవ అక్కడే ఉన్నట్టు అనిపించింది. వెళ్లేటప్పుడు ట్రైలర్ బాగానే ఉంది, వచ్చేటప్పుడు ఊగింది. ఎందుకో ఆలోచించారా? నీళ్లు, సిలిండర్లు, పిండి ముందు భాగంలో పెడతామని రాశారు. జనరేటర్, ఫ్రిజ్ వెనక తలుపు దగ్గర. వెళ్లేటప్పుడు ముందు భాగం బరువు. స్టాల్ అయిపోయేసరికి నీళ్లు ఖాళీ, పిండి ఖాళీ, గ్యాస్ సగం. వెనక జనరేటర్, ఫ్రిజ్ అలాగే ఉన్నాయి. ముందు తేలికైపోయింది. టోబార్ మీద ట్రైలర్ ముక్కు కిందికి నొక్కే బరువు తగ్గితే వెనక భాగం తోక ఊపినట్టు ఊగుతుంది. దానికి తోడు పక్కనుంచి లారీ వెళ్లిందంటే చెప్పక్కర్లేదు. నడిపేవాళ్ల తప్పు ఇందులో చాలా తక్కువ.

ఆ ముక్కు బరువు ట్రైలర్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి, మీకైతే 50 నుంచి 70 కిలోలు. ఇంట్లో మనుషులు చూసుకునే తూకం మిషన్ మీద ఒక చెక్క ముక్క నిలబెట్టి, దాని మీద ట్రైలర్ ముక్కును ఆనిస్తే అంకె కనిపిస్తుంది. బరువైనవన్నీ చక్రాల మీదుగా, నేలకు దగ్గరగా కట్టండి. తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ ఒకసారి చూసుకోండి. మోటార్‌వే మీద ట్రైలర్‌తో 60 మైళ్లు దాటకూడదన్నది చట్టం, మీ ట్రైలర్‌కి 55 చాలు. ఎప్పుడైనా మళ్లీ ఊగితే గట్టిగా బ్రేక్ వేయకండి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీయండి. జనరేటర్ ఇంటి దగ్గరే ఉండిపోతే వెనక బరువూ తగ్గుతుంది.

ఆయన ఆ రాత్రి వెనక సీట్లో పిల్లల్ని పెట్టుకుని ఊగుతున్న బండి నడిపారు. భయపడ్డానని మీతో చెప్పలేదు. ఆ భయమే చవక కారు రూపంలో, "నీ దోసెల బండి" అన్న మాట రూపంలో బయటికి వచ్చిందని నా అనుమానం. లాగలేని కారు కొనేస్తే ఇక ట్రైలర్ గొడవే ఉండదు కదా. చెప్పకుండా డబ్బు కట్టడం తప్పే, ఆ మాట అనడం అంతకంటే పెద్ద తప్పు. మీకు కష్టం కలగడంలో ఆశ్చర్యం లేదు. ఆ సంగతి ఆయనతో అనండి కూడా. కానీ మాట్లాడటం కార్లతో మొదలుపెట్టకండి. "ఆ రోజు ఎం6 మీద నీకెలా అనిపించింది?" అని అడగండి. సమాధానం వచ్చేదాకా ఆగండి. మీరు 2019లో లైసెన్స్ తీసుకున్నారు, 2021 డిసెంబర్ 16 నుంచి మారిన నిబంధనల వల్ల 3,500 కిలోల దాకా ట్రైలర్ లాగే అనుమతి పరీక్ష లేకుండానే వచ్చేసింది. అనుమతి వచ్చింది గానీ ఎవరూ నేర్పలేదు. ఇద్దరూ కలిసి ఒక్క పూట టోయింగ్ పాఠం తీసుకోండి. ముఖ్యంగా రివర్స్ తీయడం. కొత్త కారు ఏదైనా, ఇన్సూరెన్స్‌లో వ్యాపారానికి వాడుతున్నామని, ట్రైలర్ లాగుతున్నామని రాయించండి. ఉద్యోగానికి వెళ్లి రావడానికి తీసుకున్న పాలసీ స్టాల్‌కి పనికిరాదు.

500 పౌండ్ల గురించి. ఆన్‌లైన్‌లో దూరం నుంచే కారు కొన్నప్పుడు, కారు చేతికొచ్చాక కూడా 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు అక్కడి చట్టంలో ఉంది. రిజర్వేషన్ షరతులు ఒకసారి చదవండి. ఫోన్‌లో మాట్లాడి వదిలేయకుండా, మీ ట్రైలర్ బరువు ఇంత, ఈ కారు దాన్ని లాగుతుందా అని ఈమెయిల్‌లో అడగండి. లాగదని వాళ్లే రాతపూర్వకంగా చెబితే డబ్బు వెనక్కి అడగడం తేలికవుతుంది.

అందుకు అంకె కావాలి. వచ్చే శుక్రవారం సాయంత్రం పండగకు ఎక్కించినట్టే సామానంతా ఎక్కించి, దగ్గరలో ఉన్న పబ్లిక్ వేబ్రిడ్జికి, మన లారీ కాటాకి, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ఇంకా ఆ పాత డీజిల్ కారు ఉంది కదా, అదే తీసుకెళ్తుంది. అక్కడ ట్రైలర్‌ని విప్పి, ఒక్కదాన్నే తూకం వేయించండి. కాటా చీటీ ఆయన చేతికే ఇవ్వండి, షోరూమ్‌కి ఆ ఈమెయిల్ ఆయన్నే రాయమనండి.